నలభై అంకెల మౌనం

ఆయన పేరు ఇక్కడ రాయను. నా పేరు రాయాల్సిన చోట ఆయన రాయలేదు కాబట్టి. ఇది చిన్నబుద్ధి అని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా నా దగ్గరున్న కోపం ఇది. మనిషి పోయాడు కదా అని ఒక్కరోజులో తీసి అవతల పెట్టమంటే నా వల్ల కాదు.

పోయిన సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. డిగ్రీలో నాతో చదివినవాడొకడు నంద్యాలలో టైర్ల షాపు నడుపుతున్నాడు. వాడు ఫోన్లో స్టేటస్ పెట్టుకుంటే నాలుగో రోజున చూశాను. సార్ ఫొటో, జోడించిన చేతుల బొమ్మ, కింద 'మా సార్' అని. వెంటనే ఫోన్ చేశాను.

"సార్ పోయినాడని నాకొక మాట చెప్పకూడదా?"

"గ్రూపులో పెట్టినాం గదప్పా."

"నేను గ్రూపులో లేను."

"నువ్వే గదా పోయినేడు బయటికి పోతివి. నీ పుట్టినరోజుకు ఎవరూ విష్ చేయలేదని."

అది వేరే సంగతి. దాంట్లో నా తప్పేమీ లేదు.

"ఆదివారం పదకొండుకు సంతాప సభ పెట్టినాం, మిషన్ కాంపౌండ్ హాల్లో. వస్తే రా" అన్నాడు వాడు. 'రా' అనకుండా 'వస్తే రా' అన్నాడు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఆయనకూ నాకూ మధ్య ఉన్న గొడవ ఒక్కటే. ఆయన రాసిన నాటకంలో నలభై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఎవరూ మాట్లాడకూడని చోటు ఒకటుంది. ఆ మౌనాన్ని నేను పాడుచేశానని ఆయన నలుగురిలో అన్నాడు. నేను కాదని నా వాదన. నేను కాదు అనే మాట ఆయన నోట అనిపించుకోవాలని ఇన్నేళ్ళు కాచుకొని ఉన్నాను. ఇప్పుడు ఆ నోరే లేదు.

ఆయన మాకు నంద్యాల కాలేజీలో ఇంగ్లీషు చెప్పాడు. మేము స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. గదిలో అరవై మందికి సరిపడా బెంచీలు ఉండేవి. ఆయన లోపలికి రాగానే పుస్తకం తెరిచేవాడు కాదు. తన కుర్చీని బల్ల వెనక నుంచి ఈడ్చుకొచ్చి, మాకు ఎదురుగా, గది మధ్యలో వేసి, తాను దాని పక్కన నిలబడేవాడు. పీరియడ్ అయిపోయేదాకా అందులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

"ఎవరికి సార్ ఆ కుర్చీ?" అని మొదటిరోజు అడిగింది నేనే.

"గవర్నమెంటుకు" అన్నాడు. "మనం ఏం మాట్లాడుకున్నా అది ఈడ కూసోని ఇంటాంటాది. లేదనుకొని మాట్లాడేది పాత నాటకం. ఉందని తెలిసి మాట్లాడేది నేను చెప్పబోయే నాటకం."

ఆయన చెప్పబోయేదంతా ఒక్కటే. ఇరవయ్యో శతాబ్దం చివరి ముప్పై ఏళ్ళలో బ్రిటన్‌లో ఆడిన రాజకీయ నాటకాలు. సిలబస్‌లో అవి లేవు. సిలబస్‌లో రాజులు, దయ్యాలు, అడవిలో తప్పిపోయిన ప్రేమికులు ఉండేవాళ్ళు. వాటిని ఆయన జూలై నుంచి అక్టోబరు దాకా గబగబా ముగించేవాడు. తర్వాత సంచిలోంచి జిరాక్సు కాగితాలు బయటికొచ్చేవి. హైదరాబాదు లైబ్రరీలలో కూర్చొని ఒక్కొక్క పేజీ తీయించుకొచ్చినవి. అంచులు నల్లగా, అక్షరాలు సగం మాసి ఉండేవి.

"అరవైల చివరి దాకా ఆ దేశంలో నాటకం ఆడాలంటే ముందు రాజుగారి కొలువులో ఒక అధికారికి రాతప్రతి పంపాల" అనేవాడు. "ఆయన పెన్సిలు పెట్టిన మాట స్టేజీ ఎక్కదు. ఆ చట్టం తీసేసినారు. ఇంక బూతులే రాస్తారని అందరూ అనుకున్న్యారు. బూతులూ రాసినారులే. కానీ ఎక్కువగా ఏం రాసినారో తెలుసునా? మీటింగులు. యూనియన్ మీటింగు, పార్టీ మీటింగు, మిల్లు బోర్డు మీటింగు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. పాత నాటకంలో రాజు సచ్చిపోతాడు. వీళ్ళ నాటకంలో ఫ్యాక్టరీ మూతపడతాది. ఏది పెద్ద చావు? చెప్పండప్పా."

మాలో సగంమంది పొలాల్లోంచి వచ్చినవాళ్ళు. ఫ్యాక్టరీ అంటే సినిమాలో చూసిన పొగగొట్టం. టైర్ల షాపు వాడు ఒక్కడే తల దించుకొని ఉండేవాడు. వాళ్ళ నాయన పనిచేసిన నూలు మిల్లు ఆ ముందు ఏడాదే మూతపడింది.

చిన్నచిన్న బృందాలు వ్యాన్‌లో కుర్చీలు వేసుకొని గని ఊర్లకు పోయి, కార్మికుల క్లబ్బుల్లో నాటకాలు ఆడడం గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం ఇంకోలా ఉండేది. తానే ఆ వ్యాన్‌లోంచి ఇప్పుడే దిగినట్టు చొక్కా మీద లేని దుమ్ము దులుపుకొనేవాడు. "సర్కారు ఇచ్చిన గ్రాంటుతోనే సర్కారును తిట్టినారు. నవ్వద్దండి, అది తేలిక కాదు. తర్వాత ఒకామె ప్రధానమంత్రి అయ్యె. గనుల సమ్మె ఓడిపాయ. గ్రాంటు సన్నబడె. గ్రాంటుతో పాటు తిట్టు కూడా సన్నబడె." అక్కడ ఆగి కుర్చీ వైపు చూసేవాడు. "తొంభైల్లోకి వచ్చేసరికి యూనియన్ పాయ, పార్టీ పాయ, ఒక గది మిగిలె. గదిలో ఇద్దరు మనుషులు ఒకర్నొకరు పీక్కతింటాంటారు. బయట యాడనో యుద్ధం. ఇందులో రాజకీయం ఏముందంటారు కొందరు. ఆ గదిలోకి వాళ్ళను తోసిందెవరు?"

ఒకసారి నేను అడిగాను. అడగాల్సిన మాటలు అడగడం నాకు అప్పటి నుంచీ ఉంది.

"సార్, వీటిల్లో ఒక్కటన్నా మీరు కండ్లతో చూసినారా?"

"లేదు" అన్నాడు ఆయన. "మా నాయన నలభై ఏండ్లు బైబిలు చెప్పినాడు. జెరూసలేం చూసినాడా?"

క్లాసంతా నవ్వింది. నేను అడిగినదానికి జవాబు అది కాదు.

చూడలేదు కాబట్టి చూసే పని వేరేచోట చేసేవాడు. నంద్యాలలో ఎక్కడ ధర్నా జరిగినా ఆయన అక్కడ ఉండేవాడు. బస్సు డ్రైవర్లు, మునిసిపాలిటీ పనివాళ్ళు, అంగన్‌వాడీ ఆయాలు, ఎవరిదైనా సరే. షామియానా కింద కూర్చునేవాడు కాదు, నినాదం ఇచ్చేవాడు కాదు. వెనక నిలబడి, కుడిచేతి వేళ్ళు తొడ మీద ఒక్కొక్కటిగా ఆనిస్తూ ఉండేవాడు. లెక్క అది. మైకులో ఉన్న మనిషి 'మనం వెనక్కి తగ్గుదామా?' అని అడిగాక, జనం 'తగ్గం' అనేలోపు ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టేవాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. ఒక కానిస్టేబులు వచ్చి అడిగాడు.

"ఏంది సార్, పేపరోళ్ళా?"

"కాదప్పా. చూసేటోణ్ణి."

"చూసేకి ఏముంది ఈడ?"

"మూడంకెలు పట్టింది జవాబు చెప్పేకి. పోయిన నెల ఒకటే పట్టింది. వీళ్ళు అలిసిపోయినారు. రెండు దినాల్లో లేసిపోతారు చూడు."

రెండో రోజు సాయంత్రం షామియానా విప్పేశారు. కానిస్టేబులు ఆ తర్వాత ఎక్కడ కనబడినా ఆయనకు సెల్యూట్ కొట్టేవాడు. మఫ్టీలో ఉన్న పెద్ద ఆఫీసరనుకొని ఉంటాడు.

పెళ్ళి చేసుకోలేదు. మిషన్ కాంపౌండ్‌లో చర్చి వెనక ఒకే గది, దానికి ఒక వసారా. ఆదివారం చర్చిలో చివరి వరుసలో కూర్చునేవాడు. ప్రసంగం అయ్యాక పాస్టరుగారితో 'రెండో పాయింటు తర్వాత ఇంకొంచెం ఆగాల్సింది' అనేవాడట. టీ సగమే తాగేవాడు. మిగిలిన సగం చల్లారేదాకా ఎదురుగా పెట్టుకొని కూర్చునేవాడు. ఎవరో వస్తారన్నట్టు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను పోయేవాణ్ణి. ఆ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

మా చివరి సంవత్సరంలో ఆయన నాటకం రాశాడు. ఆ దేశపు సమ్మె నాటకాల పద్ధతిలో రాసిందే గాని మనుషులు, మిల్లు, ఊరు అన్నీ ఇక్కడివి. పేరు పెట్టలేదు. మేము 'మీటింగు' అనేవాళ్ళం. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. మిల్లు తరపు మనిషి, లేబర్ ఆఫీసరు, యూనియన్ నాయకుడు, ఒక గుమాస్తా. పనిలోంచి తీసేసినవాళ్ళ జాబితాను నాయకుడి ముందు పెట్టి 'సంతకం పెట్టప్పా, అయిపోతాది' అంటాడు ఆఫీసరు. నాయకుడు కలం అందుకోడు. మాట్లాడడు. నలభై అంకెలు. అప్పుడు 'మా పేర్లు ఒక్కసారి చదవండి' అంటాడు. గుమాస్తా చదవడం మొదలుపెడతాడు. పేర్లు చదువుతుండగానే తెర పడుతుంది.

నాయకుడి వేషం టైర్ల షాపు వాడిది. నేను ప్రాంప్టర్ని. పక్క తెర చాటున పుస్తకం పట్టుకొని, మాట మరిచిపోయినవాడికి అందించే పని. వేషం ఇవ్వలేదని బాధ పడితే ఆయన అన్నాడు, "వేషం ఎవరన్నా కడతారు. ఆ నలభై కాపాడేకి మనిషి కావాల. నువ్వు మొండోనివి. నీకే ఇస్తాండా." అది పొగడ్తేనని అప్పుడు నమ్మాను.

నెల రోజులు రిహార్సల్. అంకె అంకెకు మధ్య ఒక ఊపిరి ఉండాలనేవాడు. "ఈ నలభైలో చూసేటోనికి తన ఊర్లో మూతపడిందేదో గుర్తొస్తాది. పదిలో రాదు, ఇరవైలో రాదు. ముందు ఇసుగొస్తాది, తర్వాత సిగ్గొస్తాది. ఆ తర్వాత వస్తాది. ఎవురూ సాయం చేయకూడదు."

ఆడడానికి చోటు దొరకలేదు. కాలేజీలో ప్రిన్సిపాల్ వద్దన్నాడు. మాది ఆళ్ళగడ్డ. తిరునాళ్ళలో పౌరాణిక నాటకం పెట్టించేవాళ్ళలో మా చిన్నాయన ఒకడు. కాళ్ళావేళ్ళా పడి నేను ఒప్పించాను. సాయంత్రం ఆరుగంటలకు, అసలు నాటకం మొదలయ్యేలోపు, కృష్ణుడి మేకప్ అయ్యేదాకా మాకు ముప్పావు గంట ఇచ్చారు. ఆ స్టేజీ ఇప్పించింది నేనే. ఇది కూడా ఎక్కడా ఎవరూ రాయలేదు.

జనం బాగానే వచ్చారు. ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు, ముందు వరుసలో చాపలు పరుచుకొని ఆడవాళ్ళు. స్టేజీ కింద ఎడమ పక్కన హార్మోనియం పెద్దాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మా ఊరి సాయిబు. ఆయన వేళ్ళ కింద మూడు తరాల కృష్ణులు పద్యాలు పాడారని చెప్పుకునేవాళ్ళు. సార్ మాత్రం జనం వెనక, పూల దండల అంగడి పక్కన నిలబడ్డాడు. కుడిచెయ్యి తొడ మీద.

ఆఫీసరు జాబితా ముందుకు తోశాడు. 'సంతకం పెట్టప్పా, అయిపోతాది.' టైర్ల షాపు వాడు కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను లెక్క మొదలుపెట్టాను. ఆరు, ఏడు. పది దాకా ఎవరూ కదల్లేదు. పన్నెండు దగ్గర ముందు వరుసలో ఒక పెద్దామె పక్కామెతో అంది.

"పాపం, పిల్లోడు మర్సిపోయినాడు."

పద్నాలుగు దగ్గర ట్రాక్టరు మీంచి ఎవరో అరిచారు. "పద్యం ఎత్తుకోప్పా, బయపడాకు."

పదహారు దగ్గర హార్మోనియం మోగింది. పౌరాణిక నాటకంలో అది ఆచారం. నటుడు తడబడి ఆగిపోతే హార్మోనియం మనిషి ఊరుకోడు. సన్నగా శ్రుతి పట్టి, వాడికి మాట గుర్తొచ్చేదాకా మోస్తూ ఉంటాడు. పెద్దాయన టైర్ల షాపు వాడి వైపు చూసి, ఎత్తుకో అన్నట్టు కనుబొమలెత్తాడు. వాడు నా వైపు చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. మరిచిపోయి కాదు, వాడికి వాళ్ళ నాయన గుర్తొచ్చాడు. ఆ తర్వాత కొద్దిసేపటికి 'మా పేర్లు ఒక్కసారి చదవండి' అనే మాట స్టేజీ మీద వినబడింది. నలభైకి చాలా ముందు.

ఆ మాటను వాడే అన్నాడా, లేక ఎవరైనా అందించారా అన్నదే గొడవ.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. గుమాస్తా పేర్లు చదువుతుంటే కింద శ్రుతి ఆగలేదు. ఆ పేర్లు పద్యంలాగా సాగాయి. జనం ఈలలు వేశారు. ఒన్స్ మోర్ అన్నారు. గుమాస్తా వేషం వేసినవాడు బిత్తరపోయి జాబితా మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నాటకం హిట్టు. మా చిన్నాయన నాకు శాలువా కప్పబోయాడు.

సార్ జనాన్ని చీల్చుకుంటూ వచ్చాడు. ముందు హార్మోనియం పెద్దాయన దగ్గరికి పోయాడు. తిడతాడనుకున్నాం.

"ఏం సార్, తప్పు చేస్తినా?" అన్నాడు పెద్దాయన. "పిల్లోడు నీళ్ళు నములుతాంటే ఊరికే ఎట్ల కూసుంటా? మా పద్ధతిలో నిలబడినోణ్ణి ఒంటిగా ఇడిసిపెట్టం."

సార్ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీది పెద్ద మనసు" అన్నాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు. మా చిన్నాయన, ఊరివాళ్ళు, మా తొమ్మిదిమంది, ముఖానికి సగం నీలిరంగు పూసుకున్న కృష్ణుడు, అందరూ ఉన్నారు.

"నిన్ను నమ్మి పుస్తకం చేతికిస్తిని" అన్నాడు. నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. లాక్కోలేదు. చిన్నపిల్లల చేతిలోంచి బ్లేడు తీసుకున్నట్టు మెల్లగా తీసుకున్నాడు. అది ఇంకా అధ్వాన్నం.

ఆయన పరిశోధన అయ్యేసరికి ఇంకో పదేళ్ళు పట్టింది. 'ఇరవయ్యో శతాబ్దం చివరి బ్రిటిష్ నాటకరంగంలో రాజకీయ ఇతివృత్తాలు.' కాలేజీ లైబ్రరీలో ఒక కాపీ పెట్టారని విని ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కి పోయి చూశాను. అప్పటికి నేను మా మండలంలోనే హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. కృతజ్ఞతల పేజీ తీశాను. మా తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది పేర్లున్నాయి. నాటకానికి బల్ల మోసిన అటెండరు పేరుంది. 'మౌనం గురించి నాకు తెలియనిది నేర్పిన' హార్మోనియం పెద్దాయన పేరుంది. పేజీ అటూ ఇటూ తిప్పాను, వెనక పేజీ కూడా చూశాను. లైబ్రేరియన్ "ఏం వెతుకుతాండారు సార్?" అంటే ఏమీ లేదన్నాను.

ఉత్తరం రాశాను. ఒకటి కాదు, నాలుగు. నేను అడిగినదానికి ఆయన ఒక్కసారీ జవాబు రాయలేదు. ప్రతిసారీ ఒక కార్డు వచ్చేది. 'ఫలానా నాటకం గురించి ఆలోచిస్తున్నాను, రెండో అంకంలో ఆ మంత్రి ఎందుకు నవ్వుతాడంటావు?' అని ఉండేది. నేను జవాబివ్వలేదు. అవి ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మొత్తం పదకొండు కార్డులు. నేను రాయడం మానేసిన తర్వాత కూడా ఏడు వచ్చాయి.

రెండేళ్ళ కిందట, ఇంక లాభం లేదు, ముఖాముఖి తేల్చుకుందామని పోయాను. మధ్యాహ్నం మూడు. మిషన్ కాంపౌండ్‌లో ఎవరూ లేరు. గదిలో పుస్తకాల కట్టలు నేల నుంచి కిటికీ దాకా ఉన్నాయి. రెండు కుర్చీలు. ఒకటి ఆయనది. రెండోది గది మధ్యలో, గోడ వైపు కాకుండా ఆయన వైపు తిరిగి ఉంది. అది ఎవరి కుర్చీయో నాకు తెలుసు. నిలబడ్డాను.

"కూసోప్పా, పర్వాలేదు" అన్నాడు. "ఈ మధ్య గవర్నమెంటు కూడా రాలేదు ఈడికి."

బాగా చిక్కిపోయాడు. తానే టీ పెట్టాడు. ఎట్లున్నావని గాని, పిల్లలెంతమందని గాని అడగలేదు. నేను దారిలో సిరివెళ్ళ దాటినప్పటి నుంచి తయారు చేసుకున్న మాట అన్నాను.

"సార్, ఆ పొద్దు ఆళ్ళగడ్డలో మాట నేను అందించలేదు. మీరు నన్ను అనవసరంగా నలుగురిలో అన్నారు."

ఆయన నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ గ్లాసు సగం దగ్గర ఆగింది. బయట ఎవరో మంచం ఈడుస్తున్నారు. ఆ శబ్దం ఆగింది. ఆయన చూపు కదల్లేదు.

"ఈసారి మీ పక్క వానలు ఎట్లున్నాయి సార్?" అన్నాను.

"పదిహేడు" అన్నాడు ఆయన.

అప్పుడు చూశాను, కుడిచెయ్యి తొడ మీద ఉంది.

"ఆ పొద్దు ఇరవై రెండు దాకా ఉంటివి. వయసొచ్చేకొద్దీ పెరగాల. నీకు తగ్గిపాయ."

నాకు ఒళ్ళు మండింది. "ముందు మోగింది హార్మోనియం సార్. పదహారు దగ్గరే మోగింది. ఆయనకు దండం పెట్టినారు. నన్ను తిట్టినారు."

"మోగింది. ఆయనకు నేను నేర్పల్యా. నీకు నేర్పితిని."

"మరి థీసిస్‌లో? బల్ల మోసినోని పేరు కూడా రాస్తిరి."

"కృతజ్ఞత సాయం చేసినోళ్ళకు చెప్తారప్పా. నువ్వు నాకు సాయం చేసినోనివి కాదు."

"మరి నేనేంది సార్?"

ఆయన లేచి గ్లాసులు తీసుకొని వసారాలోకి పోయాడు. కడుగుతున్న శబ్దం వినిపించింది. రెండు గ్లాసులు కడగడానికి అంతసేపు పట్టదు. తిరిగొచ్చి మిగతా మాట చెబుతాడని కాచుకున్నాను. చెప్పలేదు. నాలుగున్నర బస్సు ఉందని లేచాను. గేటు దాకా వచ్చాడు. "కార్డుకు జవాబు రాయకపోతివి" అన్నాడు. "ఆ మంత్రి ఎందుకు నవ్వినాడో నాకు ఇప్పటికీ తెల్దు."

'సాయం చేసినోనివి కాదు' అని ఆయన అన్న మాటను నేను అవమానంగానే తీసుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

ఆదివారం సభకు పోయాను. హాల్లో వంద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చింది పద్నాలుగుమంది. అందులో ఇద్దరు హాలు తాళంచెవుల వాళ్ళు. ముందు వరుస ఖాళీగా ఉంది. నన్నెవరూ ముందుకు రమ్మనలేదు కాబట్టి మూడో వరుసలో కూర్చున్నాను. స్టేజీ మీద పూలదండ వేసిన ఫొటోను ఒక కుర్చీలో పెట్టారు. ఆ కుర్చీలో ఆయనను కూర్చోబెట్టడం తప్పని నాకనిపించింది. ఎవరికి చెప్పాలి?

సభ నడుపుతున్నది టైర్ల షాపు వాడే. "ముందుగా సార్ ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు.

అందరం లేచాం. నేను లెక్క మొదలుపెట్టాను. అలవాటు. అంకెకూ అంకెకూ మధ్య ఒక ఊపిరి. పద్దెనిమిది అయ్యేసరికి వాడు మైకులో "థాంక్యూ, అందరూ కూసోండి" అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. పద్నాలుగుమందిలో పదమూడుమంది కూర్చున్నారు. పంతొమ్మిది. ఇరవై. వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు.

"అయిపోయిందన్నా. కూసో."

ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఆ పొద్దు నేను నోరు తెరిచిన అంకె ఇదే. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి ఉండలేకపోయాను. మాట అందించాను. హార్మోనియం మోగింది నిజమే, కానీ మాట నాది. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా. ఈసారి పళ్ళు బిగబట్టుకొని ఇరవై మూడులోకి పోయాను. ఆ తర్వాత అంత కష్టం లేదు. ముప్పై దగ్గర విసుగు పోయింది. ముప్పై అయిదు దగ్గర అందరూ నన్నే చూస్తున్నారన్న సిగ్గు కూడా పోయింది. మధ్యాహ్నం మూడు గంటల ఎండ, వసారాలో నీళ్ళ శబ్దం, సగం టీ గుర్తొచ్చాయి. గేటు దగ్గర ఆయన నేను బస్సెక్కడానికి పోతుంటే ఎంతసేపు నిలబడ్డాడో, వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి నాకు తెలియదు.

నలభై.

టైర్ల షాపు వాడు మైకు పక్కకు దించాడు. వాడికి అర్థమైందో లేదో. "ఏమన్నా చెప్తావాప్పా?" అన్నాడు.

ఆ నాటకంలో నలభై తర్వాత పేర్లు చదవాలి. అందుకని ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, బళ్ళో హాజరు తీసుకునేటప్పుడు చదివినట్టు గట్టిగా ఒక్కసారి చదివాను. పలికేవాళ్ళు ఎవరూ లేరు. కూర్చున్నాను.

ఇక్కడ మాత్రం రాయను. ఆ థీసిస్‌లో నా పేరు ఇప్పటికీ లేదు.